గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరితే ఫ్యాక్టరీ త్రూపుట్ బాగున్నట్టేనా?

బంగారుపాళ్యం రైతు:
మా వైపు ఒక జ్యూస్ ఫ్యాక్టరీ వాళ్లు తమ త్రూపుట్ గంటకు 10 టన్నులని చెబుతారు. అదే గేటు బయట తోతాపురి మామిడికాయ లోడుతో రాత్రంతా ట్రాక్టర్ మీదే పడుకున్నాం, మర్నాడూ వంతు రాలేదు. అడుగున ఉన్న కాయ నలిగి నీరు కారింది. కాటా దగ్గర దానికి తరుగు తీశారు. 10 టన్నులు నిజమైతే మా బండి ఎందుకు కదల్లేదు?

లైన్ ఇన్‌చార్జి:
అన్నా, 10 టన్నులనేది పల్పర్, అంటే కాయ నుంచి గుజ్జు తీసే యంత్రం కెపాసిటీ అయ్యుంటుంది. త్రూపుట్ అంటే లైన్ మొత్తం దాటి డ్రమ్ములోకి చేరేది. కాయలో గుజ్జు సుమారు సగమే, మిగతాది తొక్క, టెంక. తర్వాత వచ్చే స్టెరిలైజర్, అంటే గుజ్జును వేడిచేసి క్రిములు చంపే యంత్రం, గంటకు 3 టన్నుల గుజ్జే తీసుకుంటుందనుకోండి, పల్పర్ ఎంత పెద్దదైనా లైన్ లాగేది 6 టన్నుల కాయే. మధ్యలో పైపులు, ట్యాంకులు కడగడానికి ఆపాలి, అది వేరే.

ఇంకో సంగతి. కాయను దించగానే లైన్‌లో వెయ్యరు, షెడ్‌లో మాగవేస్తారు. మాగింది లైన్‌లోకి పోతేనే షెడ్‌లో జాగా, జాగా ఉంటేనే మీ లోడు దిగేది. గేటు ముందు 4 టన్నుల బళ్లు 60 ఉన్నాయనుకుందాం. మొత్తం 240 టన్నులు. గంటకు 10 లెక్కన ఒక్క రోజు పని, 6 లెక్కన 40 గంటలు. క్యూకి, త్రూపుట్‌కి, ఎదురుచూపుకి ఉన్న ఈ లెక్కనే అమెరికా ప్రొఫెసర్ జాన్ లిటిల్ 1961లో రుజువు చేశాడు.

ఖాతాల మనిషి:
డ్రమ్ము నిండితే త్రూపుట్ అనడం నేను ఒప్పుకోను. మేనేజ్‌మెంట్ పుస్తకాలు రాసిన గోల్డ్‌రాట్ చెప్పింది వేరు: అమ్మకం జరిగి డబ్బు వచ్చే వేగమే త్రూపుట్, గోడౌన్లో ఉన్నది నిల్వ మాత్రమే. 2025లో చూశాం కదా. పాత గుజ్జు అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలు కొనుగోలు తగ్గించాయి. చివరికి కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. ఆ పరిస్థితిలో లైన్ ఇంకా జోరుగా నడిపి ఏం లాభం?

బంగారుపాళ్యం రైతు:
సార్, మీ లెక్క ఏడాది మొత్తానికి సరిపోతుంది, సీజన్‌కు సరిపోదు. ఎసెప్టిక్ డ్రమ్ములో, అంటే క్రిములు చేరకుండా మూసిన డ్రమ్ములో, గుజ్జు ఏడాది పైనే ఉంటుంది. కోసిన కాయ వారం ఆగదు. కొనుగోలుదారు దొరికేదాకా డ్రమ్ము ఆగగలదు కాబట్టి, ఆ భారం కాయ మీద వెయ్యకూడదు. అమ్మకం ఫ్యాక్టరీ చూసుకోవాల్సిన రిస్కు. దాన్ని త్రూపుట్ పేరుతో గేటు బయటికి తోస్తే మునిగేది మేమే.

ఇన్‌చార్జి అన్న చెప్పింది మాత్రం పనికొచ్చే మాట. నిన్న ఎన్ని టన్నులు దించారో రోజూ గేటు మీద రాసిపెట్టమనండి. ఆ లెక్క ప్రకారం ముందురోజే టోకెన్ ఇవ్వాలి. టోకెన్‌తో లైన్ వేగం పెరగదు, తెలుసు. కానీ కాయ ట్రాక్టర్‌లో కాకుండా చెట్టు మీద ఆగుతుంది. బండి బాడుగ, కూలీల బత్తా మిగులుతాయి.

లైన్ ఇన్‌చార్జి:
టోకెన్లు ర్యాంపుల వాళ్ల చేతికి, అంటే కాయ కొని ఫ్యాక్టరీకి పంపే దళారుల చేతికి పోకుండా ఎవరు చూస్తారు? ఫ్యాక్టరీకి రోజుకు ఒకే పెద్ద లోడు రావడం సులువు, చిన్న రైతు బండి వెనకబడుతుంది.

బంగారుపాళ్యం రైతు:
అందుకే పట్టాదారు పాస్‌బుక్ మీద ఇవ్వాలి, తోట విస్తీర్ణాన్ని బట్టి. ఇన్ని టన్నులని గేటు మీద రాసి ఉంటే, ఎవరి బండి ముందు పోయిందో మేమే లెక్క చూసుకుంటాం.