ఫోర్ వీల్ డ్రైవ్ కార్లు: స్పీడ్ పెరిగింది సరే, మజా పెరిగిందా?

నోవై నాని:
మిషిగన్‌లో ఉంటాను. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి కొన్నవన్నీ ఫోర్ వీల్ డ్రైవ్ కార్లే, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ పవర్ వెళ్లేవి. ఎస్‌యూవీల సంగతి కాదు నేను మాట్లాడేది, సెడాన్లు, హ్యాచ్‌బ్యాక్‌లు, అంటే మామూలు రోడ్డు కార్ల సంగతి. వరసగా 2004 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, 2011 సుబారు ఎస్‌టీఐ, 2016 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్, ఇప్పుడు టొయోటా జీఆర్ కరోలా. మొదటిదాంట్లో 227 హార్స్‌పవర్, ఇప్పటిదాంట్లో 300. కానీ మజా మాత్రం ఆ వరసలో పెరగలేదు. ఫ్రెండ్స్ దగ్గర ఈ మాట అంటే ఒప్పుకోవడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

నా వరస ఇది: ముందు ఎస్‌టీఐ, తర్వాత జీఆర్ కరోలా, తర్వాత పాత డబ్ల్యూఆర్ఎక్స్, చివర గోల్ఫ్ ఆర్.

డబ్ల్యూఆర్ఎక్స్‌లో 3,000 ఆర్‌పీఎమ్ దాకా ఇంజన్‌లో ఊపే ఉండదు, ఆ తర్వాత టర్బో ఒక్కసారిగా లాగుతుంది, కాబట్టి మలుపు రాకముందే ఏ గేరులో ఉండాలో ఆలోచించుకోవాలి, అలా ఆలోచించుకోవడమే నాకు నచ్చేది. ఎస్‌టీఐలో సెంటర్ డిఫరెన్షియల్‌ని, అంటే ముందు, వెనక చక్రాలకి పవర్ పంచే సామానుని, మనమే సెట్ చేసుకునే చిన్న చక్రం గేర్ లివర్ పక్కన ఉంటుంది. మామూలుగా పవర్ ముందుకి 41, వెనక్కి 59 శాతం వెళ్తుంది. చక్రాన్ని ఒక వైపు తిప్పితే డిఫరెన్షియల్ బిగుసుకుంటుంది, మంచులో బండి తిన్నగా లాక్కుపోతుంది. ఇంకో వైపు తిప్పితే వదులై, మలుపులో యాక్సిలరేటర్ తొక్కగానే వెనక భాగం తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. పైగా అది ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్, ముందు టైర్లు తారు మీద ఉన్నాయా, తడి మీద ఉన్నాయా, మంచు మీద ఉన్నాయా అన్నది అరచేతులకు తెలిసిపోతుంది.

గోల్ఫ్ ఆర్ ఈ రెండు సుబారుల కంటే వేగంగా వెళ్తుంది, చప్పుడు తక్కువ, సీట్లు బాగుంటాయి, ఇంట్లోవాళ్లకి బాగా నచ్చింది. కానీ అది పుట్టుకతో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు. వెనక చక్రాలకి ఎప్పుడు, ఎంత ఇవ్వాలో ఒక క్లచ్, దాన్ని నడిపే కంప్యూటర్ చూసుకుంటాయి. అవి పని బాగానే చేస్తాయి, నాకు మాత్రం అక్కడ చేయడానికి ఏమీ మిగలదు. మీ అనుభవం ఏంటి?

ఎడిసన్ వాసు:
నాని గారూ, గోల్ఫ్ ఆర్‌ని చివర పెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది. నా దగ్గర మీలాగే ఏడో తరం కారు ఉండేది, ఇప్పుడు ఎనిమిదో తరం కారు ఉంది. మీరు చెప్పిన మాట పాతదానికి కొంతవరకు సరిపోతుంది. కొత్తదాంట్లో వెనక ఎడమ చక్రానికి ఒక క్లచ్, కుడి చక్రానికి ఒక క్లచ్ ఉన్నాయి, వెనక్కి వచ్చిన పవర్ మొత్తం ఒక్క చక్రానికే పంపగలదు. మలుపులో బయటి చక్రం తోస్తుంటే కారు ముక్కు లోపలికి తిరగడం స్పష్టంగా తెలుస్తుంది. ఎనిమిదో తరం నడపకుండా గోల్ఫ్ ఆర్ అంటే ఇంతే అనకండి.

ఇంకో విషయం. నేను రోజూ న్యూజెర్సీ ట్రాఫిక్‌లో ఆఫీసుకి వెళ్లి రావాలి, వెనక సీట్లో పిల్లలుంటారు. ఎస్‌టీఐ గట్టి సస్పెన్షన్, బరువైన క్లచ్ రోజూ భరించడం నా వల్ల కాదు. వారంలో అన్ని రోజులూ వాడుకోగలిగే మజా కావాలి నాకు. వర్షం పడుతుంటే హైవే ర్యాంప్ మీద ఏ టెన్షన్ లేకుండా పూర్తిగా తొక్కగలగడం మజా కాదంటే ఎలా?

డల్లాస్ కారప్పొడి:
మీరిద్దరూ అసలు ప్రశ్న వదిలేసి మాట్లాడుతున్నారు అనిపిస్తోంది నాకు. ఫోర్ వీల్ డ్రైవ్ కనిపెట్టింది పట్టు కోసం, మజా కోసం కాదు. నా దగ్గర ఆడీ ఎస్4 ఉండేది, అమ్మేసి మాజ్డా మియాటా కొన్నాను. 181 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్, బరువు సుమారు 1,060 కిలోలు. స్టీరింగ్ పని ముందు చక్రాలది, తోసే పని వెనక చక్రాలది, రెండూ కలిసిపోవు కాబట్టి ఏ చక్రం ఏం చేస్తోందో ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. ఆడీలో షాఫ్టులు, డిఫరెన్షియల్ అన్నీ మోసుకు తిరుగుతూ, ఆ పట్టు అంతా వాడుకోవాలంటే రోడ్డు మీద వెళ్లకూడని స్పీడులో వెళ్లాలి. 60 మైళ్ల స్పీడులో దొరకని మజా నాకెందుకు?

రాజమండ్రి ఘాట్‌రోడ్:
అన్నలూ, మీరంతా 300 హార్స్‌పవర్ గురించి మాట్లాడుకుంటున్నారు, నేను 110 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటిదే) డీజిల్ డస్టర్ గురించి మాట్లాడతాను. చూడ్డానికి ఎస్‌యూవీయే గానీ నేను వాడేది తారు రోడ్డు మీదే, అందుకని ఇక్కడ రాస్తున్నా. రెనో ఇండియాలో 2014లో డస్టర్ ఏడబ్ల్యూడీ, అంటే నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న డస్టర్, తెచ్చింది. సిక్స్ స్పీడ్ మాన్యువల్, ఫస్ట్ గేరు బాగా పొట్టిగా ఉంటుంది. టూ వీల్ డ్రైవ్ డస్టర్‌లో వెనక ఉన్న మామూలు బీమ్ యాక్సిల్ దీంట్లో ఉండదు, వెనక రెండు చక్రాలూ దేనికది కదిలే మల్టీలింక్ ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటుంది. చాలామంది నాలుగు చక్రాల గురించే చెప్తారు గానీ అసలు తేడా అంతా ఆ సస్పెన్షన్‌లోనే ఉంది. గతుకుల మలుపులో వెనక భాగం ఎగరదు, పక్కకి పోదు.

రంపచోడవరం దాటి మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్ చూసినవాళ్లకి నేనేం చెప్తున్నానో అర్థమవుతుంది. వానాకాలంలో రోడ్డు మీద వెదురాకులు, మట్టి, కొండ మీద నుంచి కారే నీళ్లు. అక్కడ స్పీడు 40 దాటదు. పైకెక్కే హెయిర్‌పిన్‌లో సెకండ్ గేరులో తొక్కుతుంటే ముందు చక్రాలు కాస్త జారడం, వెంటనే వెనకవి అందుకుని తోయడం కూర్చున్న సీట్లో తెలుస్తుంది. ఇంతకు ముందు నేను నడిపిన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో అదే చోట చక్రం ఊరికే తిరిగి పొగ వచ్చేది. డల్లాస్ అన్నా, 60 మైళ్ల లోపు మజా కావాలన్నావు కదా, ఇది 25 మైళ్ల లోపే. అయితే అందుకు రోడ్డు జారాలి, అంతే.

నోవై నాని:
ఘాట్‌రోడ్ తమ్ముడు నేను చెప్పాలనుకున్నది నాకంటే బాగా చెప్పాడు. డల్లాస్ గారూ, మీ ఊళ్లో ఏడాదిలో ఎక్కువ రోజులు రోడ్డు పొడిగా, తిన్నగా ఉంటుంది, అక్కడ మియాటాయే సరైన కారు, ఆ విషయంలో మీతో వాదన లేదు. నాకు డిసెంబర్ నుంచి మార్చి దాకా రోడ్డు మీద ఏదో ఒకటి ఉంటుంది. మంచు, ఐస్, కరిగిన ఉప్పు నీళ్లు. పొడి రోడ్డు మీద 90 మైళ్ల దగ్గర జరిగేదంతా మంచులో 20 మైళ్ల దగ్గరే జరుగుతుంది. వింటర్ టైర్లు వేసుకుని, అడిగి ఒప్పించుకున్న ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఎస్‌టీఐని తిప్పినప్పుడు, యాక్సిలరేటర్ వదిలితే ముక్కు లోపలికి తిరిగి, మళ్లీ తొక్కితే నాలుగు చక్రాలూ కలిసి పక్కకి జారుతూ ముందుకి లాగే ఆ భావన వెనక చక్రాల కారులో రాదు. అక్కడ వెనక భాగం తిరుగుతుంది గానీ కారు ముందుకి పోదు. టూ వీల్ డ్రైవ్‌తో వచ్చే మజాకి ఇది నకలు కాదు, పూర్తిగా వేరే మజా.

అసలు ఈ కార్లు ఎందుకు పుట్టాయో చూడండి. 1980లో ఆడీ క్వాట్రో వచ్చింది, మరుసటి ఏడాదే మిషెల్ ముటోన్ దాంతో సాన్రెమో ర్యాలీ గెలిచింది, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ర్యాలీ గెలిచిన మొదటి మహిళ ఆమె. ఆ తర్వాత గ్రూప్ ఏ రూల్స్ వచ్చాయి. ర్యాలీలో పోటీకి దిగాలంటే అదే కారుని ముందు 5,000, తర్వాత 2,500 తయారు చేసి చూపించాలి. అందుకే లాన్సియా డెల్టా ఇంటెగ్రాలే, సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్ ఎవో లాంటివి మామూలు జనం కొనుక్కోగలిగే కార్లుగా వచ్చాయి. 1997లో వరల్డ్ ర్యాలీ కార్ రూల్స్ వచ్చాక ఆ అవసరం పోయింది. ఎవరూ బలవంతం చేయనప్పుడు కంపెనీ ఏం చేస్తుంది? ఉన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ ప్లాట్‌ఫామ్‌కే వెనక ఒక క్లచ్ తగిలిస్తుంది. మజా తగ్గడానికి నా దృష్టిలో పెద్ద కారణం ఇదే.

లెస్టర్ ఎవో:
నాని గారు చెప్పిన చరిత్ర సరైనదే గానీ, కంప్యూటర్ వచ్చి మజా పోయింది అన్న ధోరణి మాత్రం నేను ఒప్పుకోను. నేను ఇంగ్లాండ్‌లో లాన్సర్ ఎవో 7 నడిపాను, తర్వాత ఫోర్డ్ ఫోకస్ ఆర్ఎస్. 2001లో వచ్చిన ఆ ఎవోలో సెంటర్ డిఫరెన్షియల్‌ని కంప్యూటరే నడుపుతుంది, వెనక డిఫరెన్షియల్ కూడా మలుపులో బయటి చక్రానికి ఎక్కువ తోపు ఇస్తుంది. మీ ఎస్‌టీఐ కంటే అప్పట్లోనే దాంట్లో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. అయినా నేను నడిపిన కార్లలో దానంత సజీవంగా ఉన్నది ఇంకోటి లేదు. స్టీరింగ్ కాస్త తిప్పితే చాలు, కారు మొత్తం నడుము దగ్గర నుంచి తిరిగినట్టు ఉంటుంది. మన చేతికి ఎదురు తిరగకుండా, మనం అడిగినదాన్నే ఇంకొంచెం ఎక్కువ చేసి ఇస్తుంది ఆ కంప్యూటర్.

కాబట్టి అడగాల్సింది కంప్యూటర్ ఉందా లేదా అని కాదు, దాన్ని ట్యూన్ చేసినవాళ్లు ఏం కోరుకున్నారు అని. గోల్ఫ్ ఆర్‌ని ట్యూన్ చేసినవాళ్లు డ్రైవర్ కంగారు పడకూడదని కోరుకున్నారు. ఎవోని ట్యూన్ చేసినవాళ్లు స్టేజ్ టైమ్, అంటే ర్యాలీలో ఒక్కో భాగాన్ని తక్కువ సమయంలో ముగించడం, కోరుకున్నారు. ఫోకస్ ఆర్ఎస్ మధ్యలో ఉంటుంది, వెనక్కి 70 శాతం దాకా పంపుతుంది, వెనక భాగాన్ని కావాలని జారించడానికి డ్రిఫ్ట్ మోడ్ పేరుతో ఒక బటన్ కూడా ఇచ్చారు. ఆ బటన్ కంటే దాని మామూలు స్పోర్ట్ మోడే నాకు ఎక్కువ నచ్చింది. కాకపోతే తడి గతుకుల రోడ్డు మీద సస్పెన్షన్ మరీ గట్టిగా ఉండి నడుము పట్టేసేది.

ఎవో ఖర్చు మాత్రం దాచను. ఇక్కడ దానికి 4,500 మైళ్లకి ఒక సర్వీస్. అది భరించలేకే అమ్మాను, ఇప్పటికీ బాధే.

నోవై నాని:
ఈ మాట ఒప్పుకుంటున్నా. జీఆర్ కరోలా నాకు రెండో స్థానంలో ఉండటానికి కారణం కూడా ఇదే. దాంట్లోనూ వెనక క్లచ్చే, ఎస్‌టీఐలో లాంటి సెంటర్ డిఫరెన్షియల్ లేదు. కానీ నా కారులో మోడ్ డయల్ తిప్పితే 60:40, 50:50, 30:70 అని మూడు రకాలుగా పవర్ పంచుకుంటుంది, ఆ మూడింటికీ తేడా అంకెలు చూడక్కర్లేకుండా మొదటి మలుపులోనే తెలుస్తుంది. ర్యాలీ కోసం తీసుకొచ్చిన జీఆర్ యారిస్ నుంచి వచ్చిన సామానే అది. అంటే మెకానికల్‌గా గోల్ఫ్‌కి దగ్గర, స్వభావంలో ఎవోకి దగ్గర. నా వరస మారదు గానీ, కారణం దగ్గర లెస్టర్ గారి మాటే సరైనది.

వాసు గారూ, ఎనిమిదో తరం గోల్ఫ్ ఆర్ నడిపే అవకాశం దొరికితే నడిపి ఇక్కడే రాస్తాను.

ఎడిసన్ వాసు:
నడపండి, కానీ కంఫర్ట్ మోడ్‌లో పది నిమిషాలు తిప్పి తీర్పు చెప్పకండి. ఇంకోటి, ఈ కార్లన్నిటికీ ఉన్న ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒక టైరుకి పక్కన మేకు దిగి పాడైతే, మిగతా మూడు సగం అరిగి ఉంటే, ఒక్కటే కొత్తది వేయకూడదు. చుట్టుకొలత తేడా వస్తే సెంటర్ డిఫరెన్షియల్ గానీ క్లచ్ గానీ రోజంతా ఆ తేడాని సర్దుకుంటూ వేడెక్కిపోతుంది. నాలుగూ మార్చాలి, లేదంటే కొత్త టైరుని మిగతావాటి మట్టానికి షేవ్ చేయించాలి, అంటే పైన రబ్బరు చెక్కించాలి. ఇండియాలో షేవింగ్ దొరుకుతుందో లేదో అక్కడివాళ్లు చెప్పాలి.

కూకట్‌పల్లి కుర్రాడు:
అందరివీ చదివాను, చాలా ఉపయోగపడింది. నాకు ఇక్కడ డబ్ల్యూఆర్ఎక్స్‌లు, ఎవోలు దొరికే పని లేదు, దొరికినా కొనలేను. సెకండ్ హ్యాండ్ డస్టర్ ఏడబ్ల్యూడీ తీసుకోవాలా, మారుతి గ్రాండ్ విటారాలో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ఆల్‌గ్రిప్ తీసుకోవాలా? శ్రీశైలం, అరకు ఘాట్‌లకి ఎక్కువ వెళ్తుంటాను. ఘాట్‌రోడ్ అన్నా, నువ్వే చెప్పాలి.

రాజమండ్రి ఘాట్‌రోడ్:
తమ్ముడూ, రెండూ నడిపాను. గ్రాండ్ విటారా 1.5 పెట్రోల్, 103 పీఎస్, చప్పుడు లేదు, ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ అని మోడ్‌లు ఉంటాయి. సస్పెన్షన్ చాలా బాగుంది. కానీ అరకు దారిలో అనంతగిరి దగ్గర ఏటవాలులో నలుగురితో, సామానుతో ఎక్కుతుంటే ఇంజన్ ఊపు చాలదు, సెకండ్‌కి దింపి గట్టిగా తిప్పాల్సి వస్తుంది. డస్టర్‌కి 248 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, ఘాట్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది. మజా ఒక్కటే చూస్తే డస్టర్, నాకు అందులో అనుమానం లేదు.

కానీ 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో డీజిల్ డస్టర్ ఆగిపోయింది, దాంతోపాటే ఈ ఏడబ్ల్యూడీ కూడా పోయింది. అంటే నీకు దొరికేవన్నీ పాతవే, వెనక డిఫరెన్షియల్, వెనక చక్రాలకి పవర్ కలిపే కప్లింగ్ సామాను దొరకడం కష్టం. ఒక్కటే కారు, దాంతోనే రోజూ ఆఫీసుకి అంటే విటారా తీసుకో. ఇంట్లో ఇంకో బండి ఉంటే డస్టర్ కొను. చూడ్డానికి వెళ్లినప్పుడు నాలుగు టైర్లూ ఒకే కంపెనీవా, ఒకేలా అరిగాయా అని ముందు చూడు, వాసు గారు చెప్పిన కారణానికే. టెస్ట్ డ్రైవ్ మెయిన్ రోడ్డు మీద తిప్పి వచ్చేయకు, దగ్గర్లో వదులు మట్టి ఉన్న చోటికి తీసుకెళ్లి లాక్ మోడ్‌లో పెట్టి చూడు, వెనక చక్రాలు తోస్తున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. తిరిగొచ్చాక కింద పడుకుని వెనక డిఫరెన్షియల్ దగ్గర ఆయిల్ తడి ఉందేమో చూడు. ఉంటే బేరం కూడా ఆడకుండా వచ్చేయ్.