టూల్ స్లెంగ్‌కు ఎనిమిదో తరగతి పిల్లాడిని తీసుకెళ్లొచ్చా?

హన్మకొండ అమ్మ:
సంక్రాంతి సెలవులకు కంబోడియా వెళ్తున్నాం. రామప్ప, వేయిస్తంభాల గుడి చూస్తూ పెరిగినవాళ్లం, ఆంగ్‌కోర్ వాట్ చూడాలని ఎన్నేళ్ల కోరికో. రాజధాని నామ్‌పెన్‌లో ఒక రోజు ఉంటాం, ఆ రోజు అక్కడి పాత జైలు టూల్ స్లెంగ్ మ్యూజియం చూడాల్సిందే అంటున్నారు మా ఆయన. మావాడు ఎనిమిదో తరగతి, చిన్నదానికే రాత్రంతా నిద్రపోడు. నాకు టెన్షన్‌గా ఉంది, చూసొచ్చినవాళ్లు చెప్పండి.

నర్సంపేట టీచర్:
అక్కా, పోయిన ఏడాది వెళ్లొచ్చాను. అది ఒకప్పటి హైస్కూలు. పొడుగాటి వరండాలు, గళ్ల గళ్ల టైల్స్, లోపలికి అడుగు పెట్టగానే మా బడే గుర్తొచ్చింది. 1975లో కంబోడియా నియంత పోల్ పాట్ మనుషులు పట్నాలు ఖాళీ చేయించి, బడులు మూసేసి, తర్వాత దీన్ని ఎస్-21 అనే జైలు చేశారు. క్లాసు రూముల్లో అడ్డగోడలు లేపి ఇరుకు జైలు గదులు కట్టారు, పిల్లలు కసరత్తు చేసిన దూలానికే మనుషుల్ని తలకిందులుగా వేలాడదీశారు, పైనుంచి దూకి చావకుండా వరండాకు ముళ్లకంచె బిగించారు. 1979 జనవరి దాకా 12 వేలమందికి పైగా ఇక్కడికి తెచ్చారు, బతికి బయటపడ్డవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జైలు నడిపినవాడు అంతకుముందు లెక్కల మాస్టారు. నేనూ లెక్కలే చెప్తాను, ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

కరీంనగర్ నాన్న:
మా పాపను పదో తరగతిలో తీసుకెళ్లాను. ఇనుప మంచాలున్న గదుల్లోకి మాత్రం పంపలేదు, గోడ మీద శవాల ఫొటోలున్నాయి. ఖైదీల ఫొటోల దగ్గర తనే ఆగిపోయింది. వచ్చినవాళ్లందరికీ ఫొటో తీసేవాళ్లు, ఒళ్లో పసిబిడ్డతో ఒక తల్లి కూడా ఉంది. మా పాప చాలాసేపు అక్కడే నిలబడి, ‘ఈ బాబు ఏం చేశాడు నాన్నా’ అని అడిగింది. ఏం చెప్తాను? అదే రోజు, ఆ ఖైదీలను తీసుకెళ్లి చంపిన చోయింగ్ ఎక్ చంపుడు మైదానాలకు మాత్రం వెళ్లకండి, పెద్దవాళ్లకే భారం.

పరకాల వాసి:
మేడమ్, ముందు బాబును మా అమరధామానికి తీసుకురండి. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేద్దామని వచ్చిన జనాన్ని ఇక్కడ నిజాం మనుషులు కాల్చి చంపారు. ఆ రోజు మా తాత జొన్న చేలో పడుకొని ప్రాణం దక్కించుకున్నాడు, పెద్దయ్యాక కూడా టపాకాయ పేలితే ఇంట్లోకి వెళ్లి తలుపేసుకునేవాడు. ఇలాంటివి మన దగ్గర జరిగినవి తెలిస్తే అక్కడివీ వాడికి పరాయివి అనిపించవు.

హన్మకొండ అమ్మ:
అందరికీ థాంక్స్. ఈ ఆదివారం పరకాల వస్తాం, వాడు ఏమడుగుతాడో చూసి నిర్ణయించుకుంటాం. ఆ మంచాల గదులు ఏ బిల్డింగులో?

కరీంనగర్ నాన్న:
‘ఎ’ బిల్డింగు. బాబు బయట చెట్ల కింద బెంచీ మీద కూర్చుంటాడు, మీలో ఒకరు తోడుండండి.