థింక్‌ప్యాడ్ టీ480 వెనుక మూత పగిలింది: మొదటిసారి నేనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ తెర వెనుక ఉండే మూత ఎడమ కీలు దగ్గర పగిలింది గానీ తెర చక్కగానే వెలుగుతోంది. నేను ఇంతవరకు ల్యాప్‌టాప్ విప్పలేదు. మూత ఒక్కటే కొని బిగించుకోవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: నిస్సందేహంగా మార్చుకోవచ్చు. మోడల్ పేరు ఒక్కటే చూసి కొనకండి; లెనోవో సైటులో సీరియల్ నంబరు ఇస్తే మీ యంత్రానికి సరిపోయే విడిభాగాల జాబితా వస్తుంది. దీనికి రెండు బ్యాటరీలు ఉంటాయి కనుక, ఛార్జరు తీసేసి, బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు తెరవగలిగే మూల అమరికల మెనూలో) లోపలి బ్యాటరీని నిలిపివేసి, ఆ తర్వాత వెనుక బ్యాటరీని ఊడదీశాకే స్క్రూలు ముట్టుకోండి.

జవాబు 2: తెర చుట్టూ ఉండే చట్రాన్ని ఇనుప స్క్రూడ్రైవరుతో కాక పలుచని ప్లాస్టిక్ కార్డుతో, మూల నుంచి మెల్లగా లేపండి. అసలు జాగ్రత్త వైఫై యాంటెన్నా తీగల విషయంలో కావాలి: అవి వెంట్రుకంత సున్నితం, మూత లోపలి అంచు వెంబడి అతికి ఉంటాయి, కాబట్టి ఊడదీసే ముందు అవి వెళ్లే దారిని ఫోటో తీసుకోండి. కీలు బిగుసుకుపోయి ఉంటే దాన్నీ మార్చండి, లేకపోతే కొత్త మూత కూడా అక్కడే పగులుతుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మూత కోసం విచారిస్తాను.

జవాబు 1: పాత మూతను వెంట తీసుకెళ్లి, స్క్రూ రంధ్రాలు సరిపోల్చి చూశాకే డబ్బు ఇవ్వండి.