“అండ్”కు ముందు కామా: అలవాటా, అర్థమా?

ప్రశ్న (అనువాదకురాలు, విశాఖపట్నం)

నమస్కారం. నేను ఇంగ్లిషు ఒప్పందాలను తెలుగులోకి అనువదిస్తుంటాను. అమెరికా నుంచి వచ్చే పత్రాల్లో జాబితా చివర “అండ్”, “ఆర్” అనే మాటలకు ముందు కూడా తరచుగా కామా కనిపిస్తుంది. లండన్ నుంచి వచ్చేవాటిలో చాలావరకు ఉండదు. ఇది అలవాటులోని తేడాయేనా, లేక ఆ ఒక్క కామాతో అర్థమే మారిపోయే సందర్భాలు ఉన్నాయా? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం (న్యాయవాది)

అలవాటే గాని, దాన్ని పూర్తిగా దేశాలవారీగా విడదీయలేము. ఇంగ్లండుకు చెందిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఆ కామా పెట్టమంటుంది, దానికి ఆక్స్‌ఫర్డ్ కామా అన్న పేరు వచ్చింది అందుకే. అమెరికాలోనేమో అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ శైలి, తికమకకు తావు లేనప్పుడు మామూలు జాబితాలో అది అక్కర్లేదంటుంది.

అర్థం విషయానికొస్తే, అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రానికి చెందిన ఓక్‌హర్స్ట్ డెయిరీ కేసు చూడండి. ఓవర్‌టైమ్ వేతనం వర్తించని పనులను అక్కడి చట్టం వరుసగా చెబుతూ, “స్టోరింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్” అని ముగించింది. “ఆర్”కు ముందు కామా లేదు. పంపిణీ అనేది విడి పని కనుక పాలు చేరవేసే డ్రైవర్లకు ఓవర్‌టైమ్ రాదని యాజమాన్యం వాదించింది. ఇక్కడ చెప్పింది ప్యాకింగ్ ఒక్కటేనని, అది రవాణా కోసమైనా పంపిణీ కోసమైనా కావచ్చునని, తాము ప్యాకింగే చేయడం లేదని డ్రైవర్లు వాదించారు. మిగతా పనుల పేర్లన్నీ “ఇంగ్”తో ముగుస్తుండగా “డిస్ట్రిబ్యూషన్” మాత్రం “షిప్‌మెంట్”కు జతగా ఉండడం వారి వాదనకు బలమిచ్చింది. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం సందిగ్ధంగా ఉందని తేల్చి, కార్మికులకు మేలు చేసే అర్థాన్నే తీసుకుంది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఈలోగా, అప్పీలు కోర్టు తీర్పు తరువాత, శాసనసభ ఆ జాబితాలో సెమికోలన్లు పెట్టి చట్టాన్ని సవరించింది.

రెండవ సమాధానం (ఇంగ్లిషు అధ్యాపకుడు)

కేసు ఆసక్తికరమైనదే, కాని ఆక్స్‌ఫర్డ్ కామాను సర్వరోగనివారిణి అనుకోకండి. “మై మదర్, ఎ డాక్టర్, అండ్ ఎ లాయర్” అన్నప్పుడు ఆ కామా వల్లనే, అమ్మగారే డాక్టరా లేక డాక్టరు మరొకరా అన్న అనుమానం పుడుతుంది. తెలుగులో “అమ్మా, ఒక డాక్టరూ, ఒక లాయరూ” అని ప్రతి మాట చివరా దీర్ఘం తీస్తాము కనుక ఈ చిక్కు రాదు.

అనువాదకులను నిజంగా ఇబ్బంది పెట్టే కామా వేరే ఉంది. “ద గూడ్స్ విచ్ ఆర్ డ్యామేజ్డ్” అంటే సరుకులో పాడైనంత భాగమే. “గూడ్స్” తరువాతా, “డ్యామేజ్డ్” తరువాతా కామాలు పెడితే సరుకంతా పాడైందని అర్థం. చదివేటప్పుడు చిన్న విరామంతో ఆ తేడా చెవికి తెలుస్తుంది. మన “పాడైన సరుకు” అన్న మాటలో రెండు అర్థాలూ ఒదిగిపోతాయి, అసలు ప్రమాదం అక్కడే. ఒప్పందంలో మాత్రం “సరుకులో పాడైనంత మేరకు” అనో, “సరుకంతా పాడైనందున” అనో విప్పి రాయక తప్పదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. నా దగ్గరున్న పత్రంలో “విచ్”కు ముందు కామా ఉంది, వాక్యం చివర లేదు. ఏ అర్థం ఉద్దేశించారో రాతపూర్వకంగా తెలపమని క్లయింటును అడిగాకే అనువదిస్తాను.