ఎఫ్1, ఎఫ్1బి, ఎఫ్2: బొచ్చు తక్కువ రాలే గోల్డెన్‌డూడుల్ పిల్లను ఎలా ఎంచుకోవాలి?

గచ్చకాయ (డాలస్) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. గోల్డెన్‌డూడుల్ (గోల్డెన్ రిట్రీవర్, పూడుల్ జాతుల కుక్కల సంకరం) పిల్లను తీసుకుందామనుకుంటున్నాం. ఇంట్లో ఎనిమిదేళ్ల బాబున్నాడు. గోల్డెన్ రిట్రీవర్ ఉన్న ఇంటికి వెళ్తే అరగంటలో తుమ్ములు మొదలవుతాయి. పైగా హాలంతా కార్పెట్. ఒక బ్రీడర్ దగ్గర మూడు ఈతల పిల్లలున్నాయి: ఎఫ్1, ఎఫ్1బి, ఎఫ్2. ఎఫ్1బి ధర ఎక్కువ, ఎఫ్2 అన్నిటికన్నా చవక. "ఎఫ్1బి ఒక్క వెంట్రుక రాల్చదు, అలర్జీ రానే రాదు" అంటున్నారు. ఈ అక్షరాల లెక్కేమిటి? ఎఫ్2 అంటే ఎఫ్1 కంటే ఒక మెట్టు పైన ఉండాలి కదా, మరి చవకెందుకు? ఆరు వారాల పిల్లను చూసి పెద్దయ్యాక బొచ్చు ఎలా ఉంటుందో చెప్పగలమా?

మెలికబొచ్చు:

ఎఫ్ పక్కన అంకె తరాన్ని చెబుతుంది, గ్రేడుని కాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

స్వచ్ఛమైన గోల్డెన్‌కీ స్వచ్ఛమైన పూడుల్‌కీ పుట్టింది ఎఫ్1. ఆ ఎఫ్1ని మళ్లీ పూడుల్‌తో క్రాస్ చేయిస్తే ఎఫ్1బి. బి అంటే బ్యాక్‌క్రాస్. రెండు ఎఫ్1లకు పుట్టింది ఎఫ్2. ఎఫ్1కీ ఎఫ్1బికీ పుట్టినవాటిని చాలామంది ఎఫ్2బి అంటారు. అది దాటాక అన్నిటినీ మల్టీజెన్ అనే ఒకే గంపలో వేసేస్తారు. ఈ పేర్లు బ్రీడర్ని బట్టి మారుతుంటాయి. అందుకని పేరు పక్కనపెట్టి తల్లి ఏది, తండ్రి ఏది అని అడగండి. బి ఉన్నచోట మరీ జాగ్రత్త: గోల్డెన్‌తో వెనక్కి క్రాస్ చేయించినా అది బ్యాక్‌క్రాసే. అప్పుడు మీకు కావలసినదానికి సరిగ్గా ఎదురు ఫలితం వస్తుంది.

రాలడాన్ని ఎక్కువగా నడిపేవి రెండు జన్యువులు. ప్రతి జన్యువుకీ రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మొదటిది ఆర్‌ఎస్‌పీఓ2. మీసం, గడ్డం, గుబురు కనుబొమలు దీని చలవే. డూడుల్ వాళ్లు ఫర్నిషింగ్స్ అంటారు. ఒక్క కాపీ ఉన్నా మీసం వస్తుంది, మీసం వస్తే రాలడం బాగా తగ్గుతుంది. రెండోది ఎంసీ5ఆర్. ఇందులో ఎక్కువ రాల్చే రూపం, తక్కువ రాల్చే రూపం అని రెండున్నాయి. పూడుల్‌కి సాధారణంగా మీసం కాపీలు రెండు, తక్కువ రాల్చే కాపీలు రెండు. గోల్డెన్‌కి మీసం కాపీ అసలు లేదు, ఉన్నవి రెండూ ఎక్కువ రాల్చే కాపీలే.

ఇక లెక్క వేసుకోండి. ఎఫ్1 పిల్లలన్నిటికీ మీసం కాపీ ఒకటి, తక్కువ రాల్చే కాపీ ఒకటి. మీసం గ్యారంటీ, రాలడం కొద్దిగా ఉంటుంది. పూడుల్‌తో చేసిన ఎఫ్1బిలో అన్నిటికీ మీసం ఉంటుంది, సగటున సగం పిల్లలకు తక్కువ రాల్చే కాపీలు రెండూ వస్తాయి. ఎఫ్2లో నాలుగింట ఒకదానికి మీసమే రాదు. దాన్ని ఫ్లాట్ కోట్ అంటారు. పదహారింట ఒకటి మీసం లేకుండా, ఎక్కువ రాల్చే కాపీలు రెండూ మోసుకుని పుడుతుంది. అది అచ్చం గోల్డెన్‌లాగే సోఫా నింపుతుంది. ఎఫ్2 చవక కావడానికి ఇదే కారణం అయ్యుండొచ్చు. ఎనిమిది పిల్లల ఈతలో సగటున రెండు ఫ్లాట్ కోట్లు అన్నమాట; ఒక్కటీ రాకపోవచ్చు, నాలుగూ రావచ్చు.

ఎఫ్1బిని "75 శాతం పూడుల్" అంటుంటారు, అది కూడా సగటే. ఎఫ్1 వైపు నుంచి ఏ పిల్లకు ఏ ముక్క వెళ్తుందో ఎవరి చేతిలోనూ లేదు.

దువ్వెనపెట్టె:

పై లెక్క సరైనదే, కానీ అది ఈత మొత్తానికి వర్తించే లెక్క. మీరు ఇంటికి తెచ్చుకునేది ఒక్క పిల్లని. కాబట్టి పిల్ల మూతి చూడండి.

ఐదు నుంచి ఎనిమిది వారాల మధ్య తేడా స్పష్టంగా తెలుస్తుంది. పిల్లని ఒళ్లో పెట్టుకుని పక్కనుంచి చూడండి. ముక్కుకీ కళ్లకీ మధ్య, మూతి పైభాగాన వెంట్రుకలు పైకీ పక్కలకీ లేచి గజిబిజిగా ఉంటే ఫర్నిషింగ్స్ ఉన్నట్టు. అక్కడ పొట్టిగా, నున్నగా, లాబ్రడార్ మూతిలా ఉంటే ఫ్లాట్ కోట్. ముందుకాళ్ల ముందువైపు కూడా చూడండి. ఫ్లాట్ కోట్‌కి అక్కడ బొచ్చు కురచగా ఉంటుంది. కొందరు ఆరేడు వారాలకే పూడుల్ పద్ధతిలో మూతి షేవ్ చేసి చూపిస్తారు. అలా ఉంటే షేవ్ చేయకముందు తీసిన ఫొటో అడగండి.

ఉంగరాలని చూసి మాత్రం మోసపోకండి. దానికి వేరే జన్యువుంది, కేఆర్‌టీ71. ఒక కాపీ ఉంటే అలలు, రెండుంటే బిగువైన ఉంగరాలు. మీసం ఉన్న అలల పిల్ల తక్కువ రాల్చవచ్చు. మీసం లేని ఉంగరాల పిల్ల ఎక్కువే రాల్చవచ్చు. ఉంగరాలు ఊడిన వెంట్రుకని లోపలే పట్టుకుంటాయి కాబట్టి నేలమీద కనబడదు, తర్వాత చిక్కుగా బయటపడుతుంది.

అనుమానం ఉంటే బుగ్గ లోపలి స్వాబ్‌తో డీఎన్ఏ పరీక్ష చేయిస్తే సరి. ఎంబార్క్ (కుక్కల డీఎన్ఏ పరీక్షలు చేసే కంపెనీ) రిపోర్టులో ఫర్నిషింగ్స్, షెడ్డింగ్, కోట్ టెక్స్చర్ మూడూ విడివిడిగా ఉంటాయి. తల్లిదండ్రుల రిపోర్టులున్నా చాలావరకు పని జరుగుతుంది: ఇద్దరిలో ఎవరికైనా ఫర్నిషింగ్స్ కాపీలు రెండుంటే ఆ ఈతలో ఫ్లాట్ కోట్ పుట్టదు, తరం ఏదైనా సరే.

తుమ్మెద:

రాలడం వేరు, అలర్జీ వేరు. ఈ చర్చలో రెండూ కలిసిపోతున్నాయి.

అలర్జీ వెంట్రుకతో కాదు, ప్రోటీన్లతో వస్తుంది. ముఖ్యమైనది క్యాన్ ఎఫ్ 1 (ఇది ప్రోటీన్ పేరు, ఎఫ్1 తరంతో సంబంధం లేదు). లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉంటుంది. రాలని కుక్క కూడా నాకుతుంది, పొట్టు రాలుస్తుంది. 2011లో అమెరికాలోనూ 2012లో నెదర్లాండ్స్‌లోనూ వచ్చిన అధ్యయనాలు "హైపోఅలర్జెనిక్" (అలర్జీ తక్కువ తెప్పించే) అనే జాతులున్న ఇళ్ల గాలిలోనో దుమ్ములోనో ఈ ప్రోటీన్ తక్కువుందని చూపలేకపోయాయి. "అలర్జీ రానే రాదు" అన్న బ్రీడర్ మాటని నేనైతే అక్కడే కొట్టేస్తాను.

ఆస్ట్రేలియాలో చూపులేనివారికి దారి చూపే గైడ్ డాగ్‌గా లాబ్రడూడుల్ (లాబ్రడార్, పూడుల్ సంకరం) మొదలైన కథే చూడండి. హవాయిలో చూపులేని ఒకావిడ భర్తకు కుక్కల అలర్జీ. మూడు పిల్లల బొచ్చు, లాలాజలం నమూనాలు పంపితే ఆయనకి పడింది ఒక్కదానిదే. మూడూ ఎఫ్1లే, ఒకే ఈత.

మీరు చేయాల్సింది ఇది. అలర్జిస్టుని అడిగి బాబుకి కాంపొనెంట్ రక్తపరీక్ష (ఏ ప్రోటీన్‌తో అలర్జీయో విడివిడిగా చెప్పేది) చేయించండి. క్యాన్ ఎఫ్ 5 ఒక్కటే పాజిటివ్ వస్తే, అది మగకుక్క ప్రోస్టేట్‌లో తయారయ్యే ప్రోటీన్. అప్పుడు బాబుకి ఆడ కుక్కపిల్ల పడే అవకాశం బాగుంది. క్యాన్ ఎఫ్ 1 వస్తే ఏ తరమూ కాపాడదు. డాక్టరు సరేనన్నాక పిల్ల తల్లిదండ్రులతో, వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు, గంటసేపు మూసిన గదిలో గడపనివ్వండి. ఆస్తమా ఉంటే డాక్టరుని అడగకుండా ఇదీ వద్దు.

గచ్చకాయ:

ధన్యవాదాలండీ. మూతి చూడాలన్న సంగతి తెలియనే తెలియదు. ఎఫ్1బి తీసుకుంటే బొచ్చు పని ఎంతుంటుంది? బ్రీడర్ని ఇంకేం అడగాలి?

దువ్వెనపెట్టె:

రాలదు కాబట్టి పని తక్కువ అనుకుంటారు, నిజానికి రాలనిదాన్నే దువ్వాలి. ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వస్తుంది. ఆ రోజుల్లో దాదాపు రోజూ దువ్వాలి. స్లిక్కర్ బ్రష్ (సన్నని తీగల పళ్లున్నది), స్టీల్ దువ్వెన రెండూ కావాలి. ఒక చేత్తో బొచ్చు పైకెత్తి, కింద చర్మం గీతలా కనబడేట్టు పాయ తీసి, ఆ గీత నుంచి బయటికి దువ్వండి. కాస్త పైన ఇంకో పాయ. చివర్లో స్టీల్ దువ్వెన చర్మం దాకా దిగి ఆగకుండా రావాలి. పైపైన దువ్వితే చూడ్డానికి మెత్తగానే ఉంటుంది, అడుగున మాత్రం దుప్పటిలా ముద్దకడుతుంది. చెవుల వెనక, చంకలు, కాలర్ కింద ముందు చూడండి. చిక్కు తీయకుండా స్నానం చేయించారో, తడికి ఇంకా బిగుసుకుంటుంది, ఇక గ్రూమర్ (కుక్కల బొచ్చు కత్తిరించేవారు) షేవ్ చేయడం తప్ప దారి లేదు. గ్రూమర్ దగ్గరికి ఆరు వారాలకోసారి, అంటే ఏడాదికి ఎనిమిది తొమ్మిదిసార్లు.

మెలికబొచ్చు:

బ్రీడర్ని అడగాల్సినవి: తల్లిదండ్రుల తుంటి, మోచేయి ఎక్స్‌రేల ఓఎఫ్ఏ (కుక్కల ఆరోగ్య పరీక్షల ఫలితాలు నమోదు చేసే అమెరికా సంస్థ) ఫలితాలు, గుండె, కళ్ల పరీక్షలు, పీఆర్ఏ (క్రమంగా చూపు పోయే జబ్బు), వాన్ విల్లిబ్రాండ్ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు), ఇక్తియోసిస్ (చర్మం పొలుసులు కట్టే జబ్బు) డీఎన్ఏ ఫలితాలు. ఓఎఫ్ఏ తుంటి ఫైనల్ గ్రేడు కుక్కకి 24 నెలలు నిండితేనే ఇస్తారు. తల్లికి పద్దెనిమిది నెలలే అయితే చూపించేది ప్రిలిమినరీ. "మా వెట్ చూశారు, ఆరోగ్యంగా ఉంది" అన్నది పరీక్ష కాదు. ఓఎఫ్ఏ సైటులో తల్లి రిజిస్టర్డ్ పేరు కొట్టి మీరే చూసుకోండి. డిపాజిట్ కట్టేది అది చూశాకే.