అప్‌డేట్: అమాల్ఫీ తీరానికి సెప్టెంబర్ రెండో సగమే ఖాయం

ఇటలీలోని అమాల్ఫీ తీరానికి మేలో వెళ్లాలా, సెప్టెంబర్‌లోనా అని అడిగాను కదా. వెంట పెద్దవాళ్లు, ఈత పిచ్చి ఉన్న పిల్లలు ఉంటారని కూడా చెప్పాను. సలహాలన్నీ చూశాక సెప్టెంబర్ 15 తర్వాతకే ఖాయం చేశాం.

తేల్చింది సముద్రపు నీళ్లే. మేలో ఎండ హాయిగానే ఉంటుంది గానీ నీళ్లు 18-19 డిగ్రీలే. మోకాళ్లు తడవగానే పిల్లలు ఒడ్డుకొచ్చేస్తారు. వేసవంతా కాగిన సముద్రం అంత త్వరగా చల్లారదు, అందుకే సెప్టెంబర్‌లో 24-25 దాకా ఉంటుంది. నడకే ముఖ్యమైతే మాత్రం నా ఓటు మే నెలకే: బొమెరానో ఊరి నుంచి నొచెల్లే ఊరికి వెళ్లే ‘దేవతల బాట’ అనే కొండదారిలో నీడ తక్కువ.

ఆగస్టు ఊసే వద్దు. 15న ఫెర్రాగోస్తో పండగ, ఇటలీ సగం సముద్రం ఒడ్డునే ఉంటుంది. అమాల్ఫీ ఊళ్లోనే నిండిపోయిన బస్సు, దారిలో ఉన్న పోసితానో ఊళ్లో చాలాసార్లు ఆగకుండానే పోతుంది.

రద్దీ తగ్గినా రోడ్డు మలుపులు తగ్గవు కాబట్టి బస పక్కనే ఉన్న సలెర్నో నగరంలో పెట్టుకున్నాం. అక్కడి నుంచి అమాల్ఫీకి ఫెర్రీలో దాదాపు 35 నిమిషాలు, పెద్దవాళ్లకు కడుపులో తిప్పే బాధ ఉండదు. ఫెర్రీలు సాధారణంగా ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకానే. అలలు లేస్తే ఆ రోజుకి రద్దు. అందుకే కాప్రి దీవిని చివరి రోజుకి ఉంచలేదు. రావెల్లో ఊరు మాత్రం 350 మీటర్ల ఎత్తున కొండ మీద ఉంది, దానికి బస్సు తప్పదు.

నవంబర్ చవక అన్నవారికి: చవకే, కానీ వానలెక్కువ, హోటళ్లు చాలావరకు మూసేస్తారు.

ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకు ఒకటే వీసా) ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. మార్చి నెలాఖరుకల్లా హైదరాబాద్‌లో వీసా అపాయింట్‌మెంట్ స్లాట్ల వేట మొదలు.