మచిలీపట్నంలో పై అంతస్తు గదికి ఏ ఏసీ తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది మచిలీపట్నం. అమ్మ పడుకునే గది పై అంతస్తులో, 12 అడుగులకు 10. పడమటి గోడ రాత్రి పదింటికి చెయ్యి పెట్టినా కాలుతుంది. అనంతపురంలో ఉన్నప్పుడు కూలర్‌తోనే వేసవి గడిచిపోయేది. అదే కూలర్ ఇక్కడ వేస్తే తేమ ఇంకా పెరిగి దుప్పటి చెమ్మగిల్లుతోంది, అమ్మకు ఉక్కపోత తగ్గట్లేదు. చూస్తుంటే చాలా బాధగా ఉంది.

ఈ గదికి 1 టన్ను చాలంటారు, పైన స్లాబు ఉంది కదా, 1.5 కావాలా? రాత్రంతా వేస్తాం. 5 స్టార్ ఇన్వర్టర్‌కు పెట్టే అదనపు డబ్బు కరెంటు బిల్లులో తిరిగొస్తుందా? పక్కింటివాళ్ల అవుట్‌డోర్ యూనిట్ ఉప్పుగాలికి మూడేళ్లకే తుప్పుపట్టి గ్యాస్ పోయింది. రాగి కాయిల్ అయితే ఆ టెన్షన్ తగ్గుతుందా? ముందు స్లాబుకు తెల్ల కూల్ పెయింట్ వేయించమంటున్నాడు మేస్త్రి. సముద్రం దగ్గర ఉండేవాళ్లు దయచేసి మీ అనుభవం చెప్పండి.